కాలే సీటు, కదలని సీటు

చేతికి పని పట్టుబడిన కొత్తలో, మనకు రాని పని లోకంలో ఉంటుందని తోచదు. ఇరవై రెండేళ్ళప్పుడు నాకు అచ్చం అదే జబ్బు. నల్గొండలో మా మేనమామ సీటు కవర్ల దుకాణంలో కుట్టుపనికి చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు (ట్రాక్టరు సీటుకు పూలపూల రెగ్జిన్ వేయమన్నవాళ్ళూ ఉన్నారు) తప్ప ఖరీదైన కారు లోపల ఎట్లా ఉంటుందో ఎరగను. ఒక మే నెల పొద్దున మామ సామాను తేవడానికి హైదరాబాద్ పోయాడు. సరిగ్గా అప్పుడే మా దుకాణం ముందు తెల్లటి విదేశీ కారొకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. చప్పుడంతా నా గుండెలోనే.

దిగినాయన కాంట్రాక్టరు. వెంట ముసలి తల్లి. ఆయన కొడుక్కి సంబంధం ఖాయం చేసుకోవడానికి పన్నెండులోపు కేతేపల్లి చేరాలట. "అమ్మ కూసునే ముందటి సీటు కాలుతాంది చెల్లె. లోపల వైర్లేమన్న అంటుకుంటే ఎట్ల? అది చూడనిదే అమ్మను ఎక్కియ్య," అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే పెనంలా ఉంది. "నాకేం కాల్తలేదురా, పోదాం పా," అంది అవ్వ. ఆమె మాట ఎవరం పట్టించుకోలేదు. "నీకొస్తదా?" అని ఆయన అడిగితే, "అరగంట సార్," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

బోల్టులు విప్పి, సీటు లేపి, కింద కనిపించిన ప్లగ్గులన్నీ పీకాను. ఆ తోలు మెత్తదనం, ఆ కుట్టు సన్నదనం చూసి ఒళ్ళు పులకరించి, కాసేపు పనే మరిచిపోయాను. మాడిన వైరు ఒక్కటీ లేదు. దొరికినవి రెండు చింతపండు చాక్లెట్లు, ఒక తలపిన్ను. అన్నీ తిరిగి బిగించి, సీటు జరిపే బొత్తాం నొక్కితే, సీటు బుర్రుమంటూ ముందుకు పోయి అక్కడే నిలిచిపోయింది. వెనక్కి రమ్మంటే రాదు. పైగా స్టీరింగు ముందర ఎర్రదీపమొకటి వెలిగింది. కాంట్రాక్టరు గడియారం చూసుకుని, "వెనక సీటుల అమ్మ మోకాళ్ళు వంగయి చెల్లె. ఇప్పుడెట్ల?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆలస్యమవుతుందని పెళ్ళివారికి ఫోన్ చేయడానికి ఆయన పక్కకు వెళ్ళగానే అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, ఆడ మూడు గీతల బొత్తం ఉంటది. ఒత్తితే నడుముకు కాపడం పెట్టినట్టుంటది. నేనే ఒత్తుకుంట. వానికి చెప్పకు, బంద్ జేస్తడు."

(చలి దేశాలవాళ్ళ కోసం పెట్టిన సౌకర్యమట. నల్గొండ ఎండల్లో అది ఎవరి ఊహకు అందుతుంది?)

నవ్వాలో ఏడవాలో తెలియక మళ్ళీ సీటు కిందికి దూరాను. ఒక ప్లగ్గు సగమే దిగి ఉంది. గట్టిగా నొక్కితే టక్కుమంది. సీటు బుద్ధిగా వెనక్కి వచ్చింది. నేను ఎగిరిన ఎగురుకు తల కారు కప్పుకు కొట్టుకుంది.

"వైర్లన్నీ మంచిగున్నయి సార్. గీ కార్లల్ల సీటు వెచ్చగయ్యేటట్టు కంపెనోళ్ళే పెడతరు. అవ్వ నడుముకు మంచిదే, ఉండనియ్యుండ్రి. ఆ ఎర్రదీపం మాత్రం షోరూంల చూపించుండ్రి," అన్నాను. "గట్లనా," అని ఆయన స్థిమితపడ్డాడు. అవ్వ ఏమీ ఎరగనట్టు ఎటో చూస్తూ కూర్చుంది. పన్నెండుకు పావుగంట ముందే చేరామని తరువాత ఫోన్ వచ్చింది.

సాయంత్రం మామ అంతా విని, "బొత్తం ఒత్తి చూసేదానికి సీటే ఊడబీకినవా?" అని తల పట్టుకున్నాడు.

ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను. పెద్ద కార్లు తరచుగానే వస్తాయి. తొందరపడకుండా అడిగి, చూసి, అప్పుడే స్పానర్ పడతాను. కానీ ఆనాటి ఆ పిల్ల ఈ రోజు వచ్చి పని అడిగితే, ముందు బాగా తిట్టి, ఆ వెంటనే పనిలో పెట్టుకుంటాను.