రంగు గురించి తెల్లోళ్లు అంటే తప్పు, నాయన అంటే మంచికి

ఈ పొద్దు హిందూపురంలో మా ఫోటో స్టూడియోకి రొద్దం నుంచి ఒకాయన కూతుర్ని పిలుచుకుని వచ్చినాడు. టీచరు పోస్టు పరీక్షకు దరఖాస్తు పెట్టాలంట, పాస్‌పోర్టు ఫోటో కావాలన్నారు.

అప్పుడే టీవీలో వార్తలు వస్తాండాయి. విదేశంలో తన రంగు చూసి ఎగతాళి చేసినారని ఒక సినిమా నటి చెప్తాంది. అది విని ఆయనకు కోపమొచ్చింది. "వాళ్లు మనుషులేనా? రంగులో ఏముండాది?" అని అందరికీ వినపడేలా తిట్టినాడు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది.

ఫోటో తీసి కంప్యూటర్లో తెరిచినాను. ఆయన నా కుర్చీ వెనక నిలబడి, "పాప నల్లగా వచ్చిందమ్మా, కొంచెం తెల్లగా చెయ్యి" అన్నాడు.

"వద్దక్కా" అనింది ఆ పాప. "పోయినసారి ఇట్లనే చేయించినాడు. ఫోటోలో ఉండేది నేను కాదని పరీక్ష గేటు దగ్గరే నిలబెట్టేసినారు. లోపలికి పంపేసరికి అరగంట అయిపోయింది."

"ఇంతసేపూ ఆ నటి కోసం తిట్టినావు కదన్నా?" అని అడిగినాను.

"వాళ్లు పరాయోళ్లమ్మా. నేను నాయన్ని, బిడ్డ మంచికే చెప్తాండా" అన్నాడు, చాలా మామూలుగా.

ఉన్నది ఉన్నట్టే ప్రింటు తీసి పాప చేతికిచ్చినాను. ఆయన డబ్బులు బల్ల మీద పడేసి పోయినాడు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. పరాయోళ్లు మన రంగు గురించి అనే మాట ఎక్కువ నొప్పా, ఇంట్లోవాళ్లు మంచికని చెప్పే మాటా? మీరూ ఇట్లాంటి మాటలు పడింటే చెప్పండి.