గూడబాతుల కోసం కొన్న లెన్సు

2005 అక్టోబరులో నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు స్టేషన్ మాస్టరుగా బదిలీ చేశారు. లైన్ క్లియర్ ఇవ్వడం, పుచ్చుకోవడం, సిగ్నల్ తీయడం మా పనులని అందరికీ తెలుసు. అంతగా తెలియని పని ఇంకొకటుంది. ఆగకుండా పోయే రైలును ప్లాట్‌ఫారం మీద నిలబడి చివరిదాకా చూడాలి. ఇంజనుకు పచ్చజెండా ఊపేసి లోపలికి వచ్చేస్తే కుదరదు. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, కింద ఏదైనా వేలాడుతోందా అని చూసుకుంటూ, ఆఖరి పెట్టె వెనక 'లాస్ట్ వెహికల్' అనే అర్థంలో ఎల్.వి. అని రాసి ఉండే పలక కనబడ్డాకే రైలు పూర్తిగా వచ్చిందని నమోదు చెయ్యాలి. పలక లేదంటే కొన్ని పెట్టెలు వెనకెక్కడో తెగి ఉండిపోయాయేమోనని అనుమానించాలి.

డ్యూటీ కాక నాకున్న వ్యసనం ఫొటోలు. పొద్దుటి డ్యూటీ దిగి, భోంచేసి, కొల్లేటికి చేరేసరికి సాయంత్రమయ్యేది. చలికాలపు సూర్యుడికి మొహమాటం లేదు, మన కోసం ఆగడు. నా పాత జూమ్ లెన్సు ఆ వెలుగులో చేతులెత్తేసేది. అందుకని ఫాస్ట్ లెన్సు కొనాలని పట్టుబట్టాను. ఫాస్ట్ అంటే జోరుగా తిరిగేదని చాలామంది అనుకుంటారు. అది కాదు. దాని నోరు పెద్దది. వెలుగును ఎక్కువగా లోపలికి రానిస్తుంది కనుక షట్టరు రెప్పపాటులో మూసుకున్నా బొమ్మ పడుతుంది, ఎగిరే రెక్క అలికినట్టు రాదు.

ఏలూరులో కెమెరాలు బాగుచేసే ఖాదర్ గారు నా పోరు పడలేక రెండు లెన్సులు తెప్పించారు. ఒకటి నాలుగువందల మిల్లీమీటర్ల దాకా సాగేది, వెలుగు మాత్రం తక్కువ. రెండోది డెబ్బై నుంచి రెండువందల వరకే, కాని జూమ్ ఎక్కడ పెట్టినా ఎఫ్ 2.8, అంటే నోరు అంతే పెద్దగా తెరుచుకుని ఉంటుంది. "దగ్గరగా చూడాలో, చక్కగా చూడాలో తేల్చుకోండి మాస్టారూ. రెండూ కావాలంటే మోయలేరు" అన్నారాయన.

తేల్చుకునే అవకాశం స్టేషన్లో పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ సత్తిబాబు వల్ల వచ్చింది. అతనిది కొల్లేటి లంకలో చేపల వేట మీద బతికే కుటుంబం. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు వాళ్ళ ఊరి దిబ్బ మీది చెట్లకు వచ్చి గూళ్ళు కట్టాయని ఇంటిపెద్ద కళ్ళారా చూసి చెప్పాకే ఇంటి దోనె నీళ్ళలో దిగాలి. ఆ ఏడు ఇంటిపెద్ద పోలయ్య తుంటి విరిగి మంచాన పడ్డాడు. ఇక పడవ ఎక్కే మాట లేదని డాక్టరు చెప్పేశాడు. ఎవరు వెళ్ళి చూసొచ్చి చెప్పినా ఆయన వినలేదు. దోనె ఇంటి ముందు బోర్లా పడి ఉంది. వేటకు వెళ్ళాల్సిన ఆయన అల్లుడు గంగరాజు పరాయివాళ్ళ దోనె అడుక్కుని వెళ్తున్నాడు.

"ఫొటో తీసి మా నాన్నకి చూపించగలరాండి? కాయితం మీదైనా ఆయన కళ్ళతో చూసినట్టే కదండీ" అని అడిగాడు సత్తిబాబు.

ఖాదర్ గారి దగ్గర ఆ రెండు లెన్సులూ చూసిస్తానని తెచ్చుకున్నాను. గంగరాజు నన్ను ఆ అడిగి తెచ్చుకున్న దోనెలోనే తీసుకెళ్ళాడు. మనిషి ఊపిరి పీల్చినా ఊగే దోనె అది, అందులో స్టాండు పెట్టడం కల్ల. నాలుగువందల లెన్సుతో తీసినవన్నీ చెదిరిపోయాయి. రెండోది మాత్రం ఆ మసక వెలుగులో పక్షి కంటి చుట్టూ ఉన్న ముడతల్ని కూడా పట్టేసింది. మర్నాడే అది కొనేశాను. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏవండీ, ఇది కెమెరాకి తగిలించేదా, కెమెరాని దీనికి తగిలించేదా?" అంది.

గూడబాతు ముఖాన్ని పెద్ద సైజులో ప్రింటు వేయించాను. పక్షి తప్ప వెనకంతా మెత్తటి పచ్చరంగుగా కరిగిపోయింది. ఖాదర్ గారు ఆ కరగడాన్నే మెచ్చుకున్నారు, లెన్సు గొప్పతనమంతా అక్కడే ఉందన్నారు. నేను పొంగిపోయి పోలయ్య మంచం దగ్గర నిలబడ్డాను. ఆయన ప్రింటును దూరంగా, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"పిట్ట బాగుందండి. ఇది ఏ ఊళ్ళోదండి?"

మీ దిబ్బ మీదదే అన్నాను. "అయ్యుంటదండి" అన్నాడు మర్యాదగా, ప్రింటు నా చేతికిచ్చేస్తూ. గంగరాజు బయటికెళ్ళి బోర్లించిన దోనె మీద కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. లెన్సు అదే. ఈసారి గంగరాజును దోనె వెనక్కి పట్టమన్నాను. జూమ్ కూడా వెనక్కి, డెబ్బైకి తిప్పేశాను. కాలవ మొగ, చేపలు పట్టే వెదురు మావులు పెట్టిన గుంజలు, దిబ్బ, ఎండిన తుమ్మచెట్లు, వాటి మీద గూళ్ళు అన్నీ ఒక్క చట్రంలోకి వచ్చాయి. పొద్దు వాలిపోతున్నా ఆ పెద్ద నోటి పుణ్యమా అని ఏదీ చెదరలేదు. పక్షులు మాత్రం బియ్యపుగింజలంత ఉన్నాయి. ఖాదర్ గారు ప్రింటు చూసి, దీనికి ఇంత లెన్సు ఎందుకండీ అని నవ్వారు.

పోలయ్య నవ్వలేదు. కాలవ మొగ దగ్గర వేలు పెట్టి, గుంజల వెంట మెల్లగా జరుపుకుంటూ దిబ్బ దాకా వెళ్ళాడు. ఒక వంగిన చెట్టు దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచాడు.

"పిట్టలు వచ్చేయండి. మా చెట్టుకే వచ్చేయి" అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి, "ఒరే గంగరాజూ, ఇక దోనె తిరగెయ్యరా. పైయేడు నుంచి పిట్టల్ని నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

లెన్సు గురించి సలహా అడిగేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటారు. వెలుగు తక్కువలో, ఊగే చోట తీసేవారిని ఫాస్ట్ జూమే కొనుక్కోమంటాను. అది ముందుకే కాదు, వెనక్కి కూడా తిరుగుతుందని గుర్తుచేస్తాను. ఇంజను కనబడినంత మాత్రాన రైలు వచ్చినట్టు కాదని ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నేర్చుకున్నాను. ఫొటోకు కూడా అదే నియమమని తెలిసింది పోలయ్య మంచం దగ్గర.