ఒక్క కంప్యూటరుకి ధర లేదు

టెక్కలిలో షాపు పెట్టిన కొత్తలో నేను వస్తువులే అమ్మేవాణ్ని. మానిటరు, కీబోర్డు, ప్రింటరు. వస్తువు అమ్మడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బల్ల మీద పెడితే కొనేవాడే తట్టి, నొక్కి, మొహం చిట్లించి చూసుకుంటాడు. రెండు వేల దశకం చివర్లో, ల్యాండ్‌లైన్ ఫోను మీద బ్రాడ్‌బ్యాండ్ మా వైపుకి వచ్చాక, కంటికి కనబడని సరుకు అమ్మడం మొదలుపెట్టాను. వైరస్‌లు రాకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్. అది సీడీలో వచ్చే పాత రకం కాదు. కాపలా పనంతా ఎక్కడో కంపెనీవాళ్ల కంప్యూటర్లలో జరుగుతుంది, మన కంప్యూటరు ఇంటర్నెట్ మీద వాళ్లతో కలిసి ఉంటుంది. నా షాపులో కూర్చుని ఒక పేజీ తెరిస్తే, ఒక్కో ఆఫీసులో ఏ కంప్యూటరు ఈ కాపలా కింద ఉందో పేర్లతో సహా కనబడేది. ఒకటి చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా అక్కణ్నుంచే.

ధర కంప్యూటరు లెక్కన, ఏడాది లెక్కన. ఐదింటికి ఒక ప్యాకు, పదింటికి ఒకటి, ఇరవై ఐదింటికి ఒకటి. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లకి ఇది చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. కొన్నాక మళ్లీ ఏడాదికి కొనడమేటి, అద్దెకిచ్చినావా అని ఒకాయన కోప్పడ్డాడు. పది తీసుకుంటే కొసరేటిస్తావని ఇంకొకాయన. కొసరు ఉండదండీ అంటే నేనేదో తిట్టినట్టు చూశాడు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలుచుకుంటే వాళ్లడిగిన దాంట్లో తప్పేమీ కనబడదు.

ఆ పట్టికలో లేనిది ఒక్కటే, ఒక్క కంప్యూటరు ధర. ఇళ్లల్లో వాడుకునే రకం వేరే ఉండేది గానీ, ఫీజు తీసుకునే చోట దాన్ని పెట్టకూడదని కంపెనీవాళ్లు డీలర్లందరికీ గట్టిగా చెప్పారు. వ్యాపారమంటే కనీసం ఐదు కొనాలి. ఒక్క కంప్యూటరుతో బతికేవాళ్లు వాళ్ల లెక్కలోకే రాలేదు.

అలాంటావిడ మాకు ఒకరుండేవారు. మా అన్నయ్య వాళ్లది ఉద్దానంలో కొబ్బరితోటల ఊరు. ఆ పక్క ఊళ్లో ఆవిడ ఒక గది అద్దెకి తీసుకుని రక్తపరీక్షల ల్యాబ్ నడిపేది. వయసు యాభై దాటి ఉంటుంది. అందరూ ల్యాబమ్మగారనేవారు. వారంలో నాలుగు రోజులు ఊళ్లమ్మట తిరిగి రక్తం తీసుకుని, గదికొచ్చి పరీక్ష చేసి, అంకెలు కంప్యూటర్లో ఎక్కించేది. కిడ్నీ జబ్బు ఊళ్లని తినేస్తున్న రోజులవి. మా ఉద్దానంలో బడి మొహం చూడనివాళ్లకి కూడా నోటికొచ్చే ఇంగ్లీషు మాట క్రియాటినిన్, కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే అంకె.

మా వదినకి అది పెరుగుతోందని తెలిసి అప్పటికి రెండేళ్లు. ప్రతి రెండు నెలలకీ వెళ్లి రక్తం ఇచ్చేది, చీటీ తెచ్చుకునేది, అన్నయ్య చూడకముందే పొయ్యిలో పెట్టేసేది. ఆయన చూస్తే వైద్యానికని తోట అమ్మేస్తాడని ఆవిడ భయం. ఎంతొచ్చింది వదినా అంటే, ఉండవలసినంతే ఉందిలే అని మాట మార్చేసేది. కాబట్టి వదిన రెండేళ్ల అంకెలు ఉన్నదల్లా ఆ గదిలోని ఒక్క కంప్యూటర్లోనే.

అంతకు ముందు ల్యాబమ్మగారికి పుస్తకం ఉండేది. రెండు చోట్లా రాసుకోవడం ఎందుకండీ, కంప్యూటరుంటే చాలదా అని పెద్ద తెలిసినవాడిలా మాన్పించింది నేనే. మాన్పించాక దానికి కాపలా పెట్టాల్సిన బాధ్యత నాదే కదా. ఐదింటి ప్యాకు కొనే స్తోమత ఆవిడకి లేదు, ఒక్కటి అమ్మే అధికారం నాకు లేదు.

అప్పుడే భావనపాడులో చేపల షావుకారు నా దగ్గర పదింటి ప్యాకు కొన్నాడు. ఆయన ఆఫీసులో ఉన్నవి ఆరు కంప్యూటర్లు. ఐదు చాలవు, ఆరు అమ్మరు, పది కొనాల్సి వచ్చింది. నాలుగు మిగిలాయి. ఆ మిగిలినవాటిలో ఒకటి ల్యాబమ్మగారికి ఇస్తారా అని నసుగుతూ అడిగాను. దానికి అడగాలా అన్నట్టు చెయ్యి ఊపేశాడు. లైసెన్సు కొన్న సంస్థ సొంత కంప్యూటర్లకే చెల్లుతుందని నాకు తెలుసు. తెలిసే వెళ్లి ఆవిడ కంప్యూటర్లో ఆయన లైసెన్సు తాలూకు కీ నెంబరు కొట్టి వచ్చాను. వచ్చేటప్పుడు నాకు చాలా మంచివాణ్నన్న తృప్తి కూడా కలిగింది.

ఆ నెంబరు అక్కడితో ఆగలేదన్న సంగతి ఒక బుధవారం తెలిసింది. ఆ ఆదివారమే విశాఖ నుంచి డాక్టర్లు ఉద్దానం వచ్చి శిబిరం పెడుతున్నారు. జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో పాత అంకెలు చూసి తేల్చి, తొందరగా ముదురుతున్నవాళ్లని వెంటనే తమ ఆసుపత్రిలో చేర్చుకుంటారని ల్యాబమ్మగారు ఊరూరా చెప్పింది. వదిన పేరు నేనే రాయించాను. ఆ సంతోషంలో ఉండగా కంపెనీ నుంచి మెయిలు. పదింటి లైసెన్సు మీద ఇరవై మూడు కంప్యూటర్లు నడుస్తున్నాయి. కొన్నవారివి కానివి గురువారం సాయంత్రంలోగా తీసెయ్యాలి, లేకపోతే మొత్తం లైసెన్సూ, దానితో నా డీలర్‌షిప్పూ రద్దు. శుక్రవారం మధ్యాహ్నం తమ మనిషి వచ్చి తనిఖీ చేస్తాడు.

చాన్నాళ్లుగా చూడని ఆ పేజీ తెరిచాను. ఐసు ఫ్యాక్టరీ, వలల తాళ్ల దుకాణం, జెరాక్స్ షాపు, ఎవరో లారీ బ్రోకరు, నేనెప్పుడూ వినని పేర్లు. బండి తీసి భావనపాడు పరిగెత్తాను. షావుకారు ఎండుచేపల కళ్లం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు పడవ మీద తెరచాప లాగి పైకొచ్చిన మనిషి. నా కేకలన్నీ నిదానంగా విన్నాడు. నెంబరు ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని ఊపిరి తిప్పుకోకుండా అడిగాను.

"పడవ ఒడ్డుకి లాగేటప్పుడు సెయ్యేసినోడికి కూరకి నాలుగు సేపలు పడెయ్యకుండా ఎవుడైనా ఇంటికెల్తాడా బావూ?" అన్నాడు. "ఐసోడు నాకు సెయ్యేసినాడు, తాళ్లోడు ఏసినాడు. ఆళ్లకి ఇచ్చినాను. ఆళ్లు ఆళ్లోళ్లకి ఇచ్చుకుంటారు. ఇంట్లో నాలుగు మిగిలుంటే కుళ్లబెట్టుకుంటామేటి?"

ఒడ్డున పుట్టినవాడికి మిగిలింది పంచడం తప్పని ఎలా చెప్పాలి? పైగా మొదటి చేప అడిగి పట్టుకెళ్లింది నేనే. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. మిగతావన్నీ పీకెయ్, ల్యాబమ్మ దానికి మాత్రం నా ఆఫీసు పేరు ఎట్టెయ్, అది నాదేనని వచ్చినాయనతో నేనే సెప్తాను, నాలుగు ఖాళీలున్నప్పుడు ఆవిడదొకటి ఉంటే ఆళ్ల సొమ్మేం పోయింది అన్నాడు. సరేనని తలూపి వచ్చాను.

గురువారం షాపులో కూర్చుని ఒక్కోటి తీసేస్తూ వచ్చాను. తీసెయ్యమని నొక్కితే చాలు, ఆ కంప్యూటరు ఈసారి ఇంటర్నెట్‌కి తగిలినప్పుడు కాపలా ఏ కబురూ చెప్పకుండా దానంతటదే ఊడిపోతుంది. పదహారు తీసేశాను. ల్యాబమ్మగారిది మిగిలింది. పేరు మార్చడం ఎంతసేపు? అరనిమిషం. కానీ ఆ వచ్చేవాడు భావనపాడు వెళ్లి ఏడు కంప్యూటర్లేవని లెక్కపెడితే? షావుకారు ఏదో అబద్ధం చెప్పి దొరికిపోతే? ఈ ఏజెన్సీ పోతే మళ్లీ కీబోర్డులు తుడుచుకుంటూ కూర్చోవాలి. నా పెళ్లికి ముందు మావగారు షాపు చూడ్డానికొచ్చి మొహం చిట్లించిన సంగతి కూడా గుర్తొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, భయపడ్డాను. ఆవిడది కూడా తీసేశాను. షావుకారి ఆరు కంప్యూటర్లు మిగిలాయి, డబ్బు కట్టిన నాలుగు చోట్లు ఖాళీగా ఉన్నాయి.

వెంటనే ల్యాబమ్మగారికి ఫోను చేశాను. శిబిరానికి ముందు రక్తాలు తియ్యడానికి ఊళ్లు తిరుగుతోంది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే సిగ్నలే లేదు. పరవాలేదు, రేపు పొద్దున్నే వెళ్లి అంకెలన్నీ సీడీలోకి కాపీ చేసేస్తే గొడవుండదు అనుకున్నాను. టెక్కలి నుంచి ఆ ఊరు బండి మీద గంట కూడా పట్టదు. ఆ సాయంత్రమే వెళ్లొచ్చు. షాపులో కాగితాలు సర్దుతూ ఉండిపోయాను.

శుక్రవారం పొద్దున్న బండి తాళం చేతిలో ఉండగా కంపెనీ మనిషి ఫోను చేశాడు. మధ్యాహ్నం కాదు, పలాసలో రైలు దిగేశాడట, గంటలో వస్తాడట. తాళం బల్ల మీద పెట్టేశాను. అతను వచ్చాడు, పేజీ చూశాడు, ఆరు ఉన్నాయా, మంచిదన్నాడు. భావనపాడు వెళ్దామా అని నేనే అడిగాను. అంత దూరం దేనికండీ, మీ మీద నమ్మకముంది అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తరవాత సాయంత్రం దాకా కూర్చుని, జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఇరవై ఐదింటి ప్యాకులు ఎలా అంటగట్టాలో నాకు పాఠం చెప్పాడు. ప్రతి పావుగంటకీ గడియారం చూశాను. లేచి వెళ్తానని గానీ, అతని ముందు ల్యాబమ్మగారికి ఫోను చేస్తానని గానీ అనలేకపోయాను.

శనివారం తెల్లవారగానే వెళ్లాను. ల్యాబమ్మగారు కంప్యూటరు ముందు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. ముందురోజు మధ్యాహ్నం శిబిరం వాళ్ల మనిషి ఒకతను వచ్చాడట. పేషెంట్ల జాబితా కావాలని పెన్‌డ్రైవ్ ఇచ్చాడట. ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లన్నీ వైరస్‌ల పుట్టలు. ఇంతకుముందు ఎన్నోసార్లు అలా పెట్టింది, ప్రతిసారీ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చి వైరస్ ఆగిపోయేది. ఈసారి ఏ హెచ్చరికా రాలేదు కాబట్టి శుభ్రంగా ఉందనుకుంది.

మౌసు తీసుకుని చూశాను. ఫైళ్ల పేర్లు ఉన్నాయి. ఊరి పేరు, నెల, సంవత్సరం, అన్నీ ఆవిడ పెట్టుకున్నట్టే ఉన్నాయి. తెరిస్తే లోపల ఏమీ లేదు. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. సాయంత్రానికి నాలుగైదు తిరిగొచ్చాయి, అవీ కరెంటు బిల్లుల లెక్కలు. కాపలా తీసేసింది నేనేనని అప్పుడు చెప్పాను. ఎందుకు తీశానో కూడా చెప్పాను. ఆవిడ మానిటరు ఆపేసింది.

"పుస్తకం మాన్పించినావు, ఊరుకున్నాను. తీసేత్తన్నానని ఒక్క ముక్క ముందు సెప్పుంటే రాత్రంతా కూకుని రాసుకుందును గదయ్యా," అంది. లేచి, కొత్త నోటుబుక్కు తీసి, మర్నాటికి రక్తమిచ్చినవాళ్ల పేర్లు మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టింది.

ఆదివారం శిబిరం ఊరి బళ్లో పెట్టారు. వదినని నేనే బండి మీద తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగానే మాట్లాడింది. ఇవాళ్టి అంకె చూసి, ఆరు నెలల కిందట ఎంత, ఏడాది కిందట ఎంత అని అడిగింది. వదిన నా మొహం చూసింది. నేను నేల చూశాను. గుర్తు లేదండమ్మా, చీటీలు పోయాయి అంది వదిన. ల్యాబ్‌లో ఉండాలి కదా అంది డాక్టరమ్మ. పోయాయండి అన్నాను. మా ముందు వరసలో చాలామందిది ఇదే కథ కాబట్టి ఆవిడ విసుక్కోలేదు. ఒక్క అంకెతో జబ్బు వేగం తెలీదు, మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మని రాసింది. చీటీలు దాచుకున్నవాళ్లు కొందరి పేర్లు వేరే కాగితం మీదకి ఎక్కాయి. వాళ్లు ఆ సోమవారమే విశాఖ వెళ్లారు.

బయట జీడిమామిడి చెట్టు కింద వదిన నీళ్లు తాగింది. నేను మొత్తం చెప్పేశాను. మెయిలు, షావుకారు చెప్పిన ఉపాయం, అరనిమిషంలో అయ్యే పని, నా భయం. ఆవిడ సీసా మూత బిగించి సంచీలో పెట్టుకుంది. ఎంత తిట్టినా పడదామని నిలబడ్డాను.

"ఇంతకీ ఆ వచ్చినాయన ఏటన్నాడు? నీ ఏజెన్సీ నిలబడిందా నేదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని, నా మొహంలోకి ఆత్రంగా చూస్తూ అడిగింది.

"నిలబడింది వదినా," అన్నాను.

"పోన్లే, అదే పదివేలు," అంది వదిన. చీటీ మడిచి నా చేతికిచ్చింది. "ఇది నీ కాడ ఉంచు. మీ అన్నయ్యకి సెప్పకు."