నాన్న నొప్పి చెప్పిన రోజు

సహోదరులారా, మా నాన్నగారిని ఈ సంఘంలో ఎరగనివారు లేరు. ఉక్కు కారఖానాలో రోలింగ్ మిల్లు పని చేసి రిటైరయిన మనిషి, ఎముకల క్యాన్సరుతో టాటానగర్ సిద్ధగోరా పేటలోని మా ఇంట్లో మంచం పట్టిన ఆ ఏడాది మాకెవరికీ ముద్ద దిగేది కాదు. నేను డాక్టరునే, అయినా ఏం లాభం! బతికించడం నేర్పిన నా చదువు, బతకని మనిషి బాధ ఎలా తగ్గించాలో నేర్పలేదు.

క్యాన్సరు డాక్టరుగారు ఎలా ఉన్నారని అడిగితే నాన్న "ప్రభు కీ కృపా సే ఠీక్ హూ, డాక్టర్ సాబ్" అనేవారు. ప్రభువు కృపలో బాగున్నానని, ఎవరు పలకరించినా మన విశ్వాసులం ఇచ్చే జవాబే కదా అది. ఆ డాక్టరుగారు మాత్రం నాన్న నిజంగానే బాగున్నారనుకుని పాత మాత్రలే రాసేవారు. నాకూ అదే జవాబు. నేను డ్యూటీకి వెళ్లాక దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంటున్నారని అమ్మ చెప్పి ఏడ్చేది.

అప్పుడే, నయం కాని జబ్బులవారి బాధ తీర్చే వైద్యం కేరళలో డాక్టర్లకు నేర్పుతున్నారని, వెళ్లి రమ్మని మా పెద్ద డాక్టరుగారు అన్నారు. నాన్నను ఆ స్థితిలో వదిలి ఎలా వెళ్లను? అమ్మే నా బట్టలు సర్దింది. టాటానగర్‌లో బండి కదులుతుంటే, "తండ్రీ, నేను తిరిగొచ్చేవరకు ఆయన ఊపిరి నీ చేతిలో పెడుతున్నాను" అని ప్రార్థించాను.

అక్కడ ముందు పాఠాలు చెప్పి, తర్వాత నర్సుల వెంట ఇంటింటికీ తిప్పారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు మోతాదు లెక్క తొందరగానే వచ్చింది గాని, రోగిని అడగడం నేర్చుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఎలా ఉన్నావంటే మర్యాద కోసం బాగున్నాననే అంటారు, నిద్ర గురించి అడగండి, ఏ పక్కకి తిరగగలరో అడగండి అని మా గురువుగారు పదే పదే చెప్పేవారు.

దేవుడు నా మొర విన్నాడు, నేను వచ్చేసరికి నాన్న ఉన్నారు! మంచం మీద కూర్చుని, "ఏ పక్కకి తిరిగి పడుకుంటన్నావు నాన్నా?" అన్నాను.

"ఏ పక్కకీ నేదమ్మా. కూకునే తెల్లారుత్తంది. సెప్తే ఇశ్వాసం తగ్గిపోనాదంటారని సెప్పనేదు" అన్నారు నాన్న. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

మార్ఫిన్ ఇచ్చే అనుమతి ఉన్న మా ఆసుపత్రి నుంచి అది తెచ్చి ఆ రోజే మొదలుపెట్టాం. కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం నాన్న కుడిపక్కకి తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోయారు, అమ్మా నేనూ చప్పుడు కాకుండా వంటింట్లో మోకరించాం. జబ్బు పోలేదు, ఆ చలికాలమే ప్రభువు ఆయన్ని పిలుచుకున్నాడు, కానీ పోయేటప్పుడు ఆ ముఖంలో బాధ లేదు. దేవునికే మహిమ!

ఇప్పుడు ఈ వైద్యం నేర్చుకోవడానికి చిన్న డాక్టర్లు నా దగ్గరికి వస్తున్నారు, వాళ్లకు ముందు ఆ ప్రశ్నే నేర్పుతున్నాను. ప్రియులారా, ప్రభువుని నమ్మండి, కృపలో బాగున్నామనే చెప్పండి, కానీ నొప్పి ఉంటే ఉందని కూడా చెప్పండి. సిలువ మీద మన ప్రభువే తన దాహాన్ని దాచుకోలేదు.