నలభై నడుములు

మా మామయ్యను వీధంతా టేపు మామయ్య అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసింది అత్తయ్య ఒక్కతే. ఆవిడా ఒట్టేసి చెప్పలేదు. మాట్లాడుతూనే ఎదుటివాడి నడుము కళ్లతో కొలిచేసే దర్జీ ఆయన. నాకు ఉద్యోగం ఇవ్వని కంపెనీలను నేను తిట్టిపోస్తుంటే, "నీ నడుము ఇరవై ఎనిమిది లేదు. ముందు తిను, తర్వాత తిట్టు" అనేవాడు.

ఎదుటి ఫ్యాక్టరీ కాపలావాళ్లు నలభై మందికి యూనిఫారాలు కుట్టే పని దొరికింది. వారంలో ఇవ్వకపోతే వేరే దుకాణానికి పోతుంది. పాత కంప్యూటర్ పుస్తకాలు కొని నేర్చుకున్న విద్య చూపిద్దామని దుకాణానికి వెబ్ పేజీ చేశాను. మామయ్య నోటుబుక్కులో రాసుకున్న కొలతలన్నీ జాబితాగా ఇచ్చి మీట నొక్కితే, నలభై వరుసలూ ఒక్కసారే డేటాబేస్‌లో చేరాయి. మామయ్య మురిసిపోయి, ఇంక నోటుబుక్కు ఎందుకని దాని కాగితాలతో జేబుల నమూనాలు కత్తిరించేశాడు.

మర్నాడు అన్నాడు: "కాపలావాళ్ల హెడ్డుకు పొట్ట పెరిగిందిరా. నలభై నాలుగు చెయ్యి."

నడుము నలభై నాలుగు చెయ్యమని స్క్రిప్టులో రాశాను. ఎవరి నడుమో రాయలేదు. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది.

మామయ్య తెర మీదికి వంగాడు. నలభై వరుసల్లోనూ నలభై నాలుగే. "అందరూ ఒకే కంచంలో తింటున్నార్రా?"

నకలు దాచుకోవాలని పుస్తకంలో ఉంది. ఆ అధ్యాయం దాకా నేను రాలేదు.

"ఈ ఇంట్లో చెప్పిన మాట వినేది అదొక్కటే అనుకున్నాం. అదీ నీలాంటిదే" అంది అత్తయ్య, కాజాలు కుడుతూనే.

కొలతలు పోయాయని తెలిస్తే పనే పోతుంది. సాయంత్రం షిఫ్టు వదిలేవేళకు మామయ్య గడపలో స్టూలు వేసుకున్నాడు. గేటులోంచి ఒక్కొక్కరే వస్తుంటే, పళ్ల సందున పుల్ల కదలకుండా చెప్పాడు: "మీసాలాయన ముప్పై ఆరు. పొడుగాయన ముప్పై రెండు. హెడ్డు... నలభై ఒకటి? అప్పుడే తగ్గిందేమిట్రా?"

నేను ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క మనిషి నంబరు తగిలించి, అన్నీ ఒకేసారి సరిచేశాను.

గడువులోపే యూనిఫారాలు ఇచ్చాం. ముప్పై తొమ్మిది సరిగ్గా సరిపోయాయి. హెడ్డు మాత్రం ప్యాంటు పట్టుకుని వచ్చాడు. బొత్తాం పడటం లేదట.

"ఆరోజు నన్ను చూసి ఊపిరి బిగబట్టారు కదండీ?" అన్నాడు మామయ్య.

హెడ్డు నేల చూపులు చూశాడు. "మీరు కొలుస్తున్నారనిపించింది."

నేను నలభై నాలుగు రాశాను. మీట నొక్కబోతుంటే మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కడికేనా?"

"ఒక్కడికే, మామయ్యా."

ఆయన అప్పటికే కొత్త నోటుబుక్కు తెరిచాడు.