ఎడమ భుజాన మా వదిన తుపాకి

గత గురువారం పొద్దున్నే అన్నయ్యగారు ఫోన్ చేసి, వదిన నిద్రలోనే వెళ్ళిపోయిందని చెప్పారు. గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడింది, గోంగూర మొక్కలు పట్టుకెళ్ళమని. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా రెండిళ్ళకీ కార్లో పట్టుమని పది నిమిషాల దూరం లేదు. ఆ కాస్త దూరం ఎలా డ్రైవ్ చేశానో నాకు గుర్తులేదు.

మన అసోసియేషన్ పత్రికకి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. మీలో చాలామందికి ఆవిడ పిక్నిక్‌లో పులిహోర కలిపే ఆంటీగా తెలుసు. కొందరికి కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీర్‌గా తెలుసు. నేను మాత్రం ఆవిడ తుపాకి గురించి రాస్తాను. మొహం చిట్లించకండి. ఆ తుపాకి ఎలా ఎంచుకుందో తెలిస్తే మా వదిన ఎలాంటి మనిషో తెలిసినట్టే.

వదిన అంటే మా ఆయన అక్క, అన్నయ్యగారు ఆవిడ భర్త. ఆడపడుచు అర్ధమొగుడంటారు. పెళ్ళై ఈ దేశం వచ్చినప్పుడు నేనూ ఆ భయంతోనే విమానం దిగాను. ఎయిర్‌పోర్ట్‌కి వచ్చిన వదిన నా చేతికి మంచుకోటు ఇచ్చి, జేబులు చూసుకోమంది. రెండు జేబుల్లోనూ జంతికలున్నాయి. ఆ అర్ధమొగుడు నా తరఫున అసలు మొగుడి మీద చాలాసార్లు వకాల్తా పుచ్చుకుంది.

ఏది కొన్నా పరీక్ష పెట్టకుండా కొనేది కాదు. కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించేది, కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగేది, కుక్కర్ మూత పదిసార్లు పెట్టి తీసేది. "కొనేముందు వెయ్యి అడుగు, కొన్నాక ఒక్కటీ సణగకు" అనేది. షాపులవాళ్ళు ఆవిణ్ణి చూసి నిట్టూర్చేవాళ్ళు. పక్కన నిలబడటానికి నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది, తర్వాత్తర్వాత నేనే ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

అక్టోబర్ వస్తే ఆవిడ ఆఫీసు టీమ్‌లో సగంమంది సెలవు పెట్టి ఉత్తరాన అడవుల్లోకి గ్రౌస్ వేటకి వెళ్ళేవాళ్ళు. గ్రౌస్ అంటే చిన్న అడవికోడి అనుకోండి. వాళ్ళ తాతగారింట్లో కౌజుపిట్టల కూర తిని పెరిగిన మనిషి, నేనూ వస్తానంది. సేఫ్టీ క్లాసు పూర్తిచేసి, టీమ్‌లోని ఒక పెద్దాయన దగ్గర తుపాకి అరువు తీసుకుని ఒక సీజనంతా తిరిగింది. ఒక్క పిట్ట కూడా పడలేదు. చివరికి ఆ పెద్దాయన, రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న చెట్టుకి వేలు చూపించమన్నాడట. అలాగే ఉంచి ఒక్కో కన్నూ మూయమన్నాడట. కుడికన్ను మూస్తే వేలు చెట్టు మీదే ఉంది. ఎడంకన్ను మూసేసరికి పక్కకి జరిగిపోయింది. నీ ఎడంకన్ను చూస్తుంటే నువ్వు కుడి భుజంతో కాలుస్తున్నావు, ఇంకెక్కడ తగులుతుందన్నాడట.

ఆ మాట నాకు చెబుతూ వదిన తన ఎడంచెయ్యి చూసుకుంది. చిన్నప్పుడు తనది ఎడంచేతి వాటమేనట. ఎడంచేత్తో ముద్ద ఎత్తితే వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, ఆ చేతిని పాతగుడ్డతో నడుముకి కట్టేసేవారట. ఆవిడ కఠినురాలేం కాదు. ఎడంచేత్తో ఇచ్చే పిల్ల, తినే పిల్ల అత్తారింట్లో మాటపడుతుందని ఆవిడ భయం. బడికి వెళ్ళేనాటికి వదిన కుడిచేత్తో రాసింది, తింది, తర్వాత ఇంజనీరైంది. యాభై ఏళ్ళు దాటాక ఎవరో తెల్లాయన వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఇప్పుడు మార్చుకోవడం కుదరదులే అనుకుంది ముందు.

ఆ మరుసటి వేసవిలో మా అత్తగారు ఆరునెలలు ఉండటానికి వచ్చారు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. కింద బోర్లా పడుకుని ఎడంచేత్తో బొమ్మలకి రంగులు వేసేది. అత్తగారు పక్కన కూర్చుని, తిట్టకుండా, కొట్టకుండా, ఆ క్రేయాన్ తీసి కుడిచేతిలో పెట్టేవారు. పిల్ల మళ్ళీ మార్చేది, ఆవిడ మళ్ళీ మార్చేవారు. నాలుగు వారాలకి పిల్ల బొమ్మలు వెయ్యడం మానేసింది. నేను కోడల్ని, నోరు తెరవలేకపోయాను. మా ఆయన, వయసులో పెద్దావిడ, వదిలెయ్ అన్నారు.

వదిన ఒకరోజు గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. కారెక్కబోతూ నాతో అంది:

"నా చెయ్యి నేనే తెచ్చుకోలేకపోతే, దాని చెయ్యి పోకుండా ఎలా ఆపుతానే?"

ఆ శనివారమే తుపాకి కొనడానికి వెళ్ళాం. మనవాళ్ళకి ఏ కొనుగోలైనా కుటుంబమంతా కదలాలి కదా. మినీవాన్‌లో అన్నయ్యగారు, మా ఆయన, అత్తగారు, నేను, పిల్ల. ఒక్క తుపాకి కోసం పట్టుచీరల కొట్టుకెళ్ళినట్టు వెళ్ళి కౌంటర్ ముందు బారుగా నిలబడ్డాం. అత్తగారికి కుర్చీ కూడా వేయించాం.

మా ఆయన ఇంటర్నెట్‌లో చదివొచ్చి, గొట్టం లావుగా ఉండే ట్వెల్వ్ గేజ్ తీసుకోమని పట్టుబట్టారు, అది అన్నిటికీ పనికొస్తుందని. వదిన దాన్నీ, దానికన్నా సన్నటి ట్వంటీ గేజ్‌నీ చెరోచేత్తో ఎత్తి చూసింది. రోజంతా మోసేది నేను, కాల్చేది ఒకటో రెండోసార్లు, కాబట్టి మొయ్యడానికి పనికొచ్చేదే కావాలని తేలికైన ట్వంటీ గేజ్ వైపు జరిగింది. గొట్టం మరీ పొడుగైతే పొదల్లో తట్టుకుంటుందని పొట్టిది అడిగింది. గొట్టం చివర బిగించే మరల గురించి అడిగింది. దట్టమైన చెట్లమధ్య గ్రౌస్‌కి గుళ్ళు వెడల్పుగా విచ్చుకునేది, బయట పొలాల్లో ఫెజెంట్ అనే పెద్ద పిట్టకి గుళ్ళు విడిపోకుండా వెళ్ళేది మార్చుకోవచ్చని తెలిసి, అయితే ఒక్క తుపాకి చాలంది. వానకీ చలికీ మొరాయించని పంప్ గన్ కావాలంది. ముందున్న పిడిని వెనక్కి లాగి తోస్తేగానీ రెండో తూటా ఎక్కదు. ఆ లాగే క్షణంలో మనిషికి కాస్త బుద్ధి వస్తుందనేది ఆవిడ లెక్క.

మామూలు పంప్ గన్ ఖాళీ తూటాని కుడిపక్కకి విసురుతుంది. ఎడమ భుజానికి ఆనించుకున్న వాళ్ళకి అది కళ్ళముందు నుంచి ఎగిరిపోతుంది. షాపతను ఎడంచేతి వాళ్ళకే చేసినది ఒకటి చూపించాడు. వదిన వద్దంది. ఖాళీ తూటా అడుగునుంచి కిందకి జారిపడేదీ, సేఫ్టీ మీట నడినెత్తిన ఉండేదీ ఇంకొకటి అడిగి తీయించింది. అదైతే ఏ చేతివాళ్ళకైనా ఒకటే. ఒకళ్ళని ఇంకొకళ్ళలా మార్చక్కర్లేని వస్తువు అదీ అని నా చెవిలో అంది.

ఇక భుజానికి ఎత్తి చూడాలి. అలవాటు చొప్పున కుడి భుజానికే ఎత్తింది. ఆగింది. కుర్చీలోంచి అత్తగారు చూస్తున్నారు. వదిన తుపాకి దించి, చేతులు మార్చి, ఎడమ భుజానికి ఆనించింది. చెంప దానంతటదే వెళ్ళి చెక్క మీద వాలింది.

అత్తగారు తేలిగ్గా నవ్వేశారు. "పట్టుకోవే. తుపాకి ఏమన్నా తాంబూలమా, కుడిచేత్తోనే పుచ్చుకోవడానికి?"

వదిన తుపాకి దించలేదు. "మరి క్రేయాన్ తాంబూలమా అమ్మా?"

మర్నాడు అత్తగారు మా పిల్ల పక్కన కూర్చుని, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, అది ఎడంచేత్తో వేసిన ఏనుగుని చూస్తూ ఉండిపోయారు. ప్రసాదం దగ్గర మాత్రం తగ్గలేదు, కుడిచెయ్యి చాపాల్సిందే. అంతవరకు సరేనంది వదిన. దసరాకి అత్తగారే తుపాకి పెట్టెకి పసుపురాసి బొట్టుపెట్టారు. ఆ ఎర్రచుక్కేమిటని అడిగిన స్నేహితులకి, మా అమ్మ పర్మిట్ అని చెప్పేదట.

ఆ అక్టోబర్‌లో, వేటగాళ్ళు ఒకరికొకరు కనపడటానికి వేసుకునే నారింజరంగు చొక్కా తొడుక్కుని నేనూ వెంట వెళ్ళాను. పసుప్పచ్చగా మారిన చెట్లమధ్య ఒక పిట్ట రెక్కలు టపటపలాడిస్తూ లేచింది, నేను ఉలిక్కిపడి కింద కూర్చున్నాను. మరోటి తక్కువ ఎత్తులో లేచింది, వదిన తుపాకి ఎత్తనే లేదు. ఆ వెనక ఏముందో కనిపించలేదంది. మధ్యాహ్నానికి ఇంకొకటి ఆకాశంలోకి లేచింది. ఎడమ భుజం, ఒకే ఒక్క చప్పుడు. మాతో వచ్చిన ఆ టీమ్ పెద్దాయన టోపీ తీసి పట్టుకున్నాడు. వదిన గంతులేమీ వెయ్యలేదు. పిట్టని తీసుకుని ఈకలు సవరించింది. ఈవిడ మా ఆడపడుచు అని ఆ అడవికంతటికీ వినపడేలా చెప్పాలనిపించింది.

"తినని దాన్ని కాల్చకు, కాల్చిన దాన్ని పారెయ్యకు" అనేది. మిరియాల వేపుడు చేసి, ఎక్కడైనా సీసపు గుండు తగులుతుందేమో నెమ్మదిగా నమలండని అందరికీ చెప్పి వడ్డించేది. తర్వాత్తర్వాత మన ఆడవాళ్ళు కొందరు వేట నేర్చుకుంటామని ఆవిడ దగ్గరికే వచ్చారు. ఏ తుపాకి కొనాలని అడిగితే, ముందు నీ కన్నునీ నీ భుజాన్నీ అడుగు, షాపువాణ్ణి తర్వాత అడుగుదువుగాని అనేది.

ఆదివారం ఫ్యూనరల్ హోమ్‌కి టీమ్ మొత్తం వచ్చింది. సూట్లు వేసుకుని, మనవాళ్ళని చూసి చేతులు జోడించి నిలబడ్డారు. ఎనభై దాటిన మా అత్తగారు ఈ వేసవికి కూతుర్ని చూసుకుందామనే వచ్చారు. ఒక్కొక్కరం వెళ్ళి వదిన పాదాల దగ్గర పూలు వేస్తున్నాం. మా అమ్మాయికిప్పుడు పధ్నాలుగో ఏడు. ఎడంచేతి నిండా చామంతులు పట్టుకుని వంగింది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ, కుడిచేత్తో వెయ్యమ్మా అని మెల్లగా అన్నారు. పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నావైపు చూసింది.

చక్రాల కుర్చీలోంచి మా అత్తగారన్నారు: "దాని జోలికి ఎవరూ రావద్దు. నీ చేత్తోనే వెయ్యమ్మా."

పిల్ల వేసింది. తర్వాత అత్తగారి వంతు. అన్నయ్యగారు ఆవిడ కుడిచేతిలో పూలు పెట్టారు. ఆవిడ కూతురి మొహంలోకి చూసి, ఆ పూలని ఎడంచేతిలోకి మార్చుకున్నారు. అలవాటులేని చెయ్యి, పట్టు కుదరలేదు. సగం పూలు నేలమీద పడ్డాయి, మిగిలినవి వదిన పాదాల మీద పడ్డాయి.