ఐస్‌క్రీం బండిలో శవం

మా గోదావరి ఊళ్ళలోకి ఫ్రీజరు మొదట శవం కోసం వచ్చింది. బఠాణీలు, ఐస్‌క్రీములు, చికెన్ ముక్కలు ఆ తర్వాత వచ్చాయి. ఇంట్లో ఎవరైనా పోతే, దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా ఉంచడానికి అద్దెకు తెచ్చే అద్దాల మూత పెట్టె ఉంటుందే, మా జనానికి తెలిసిన ఫ్రీజరు అదే. ఒకసారి నరసాపురంలో మా బండి తలుపు తీయగానే వచ్చిన తెల్లటి పొగ చూసి, దారిన పోయే పెద్దావిడ ఆగి, "పెట్టె ఎవరింటికండీ?" అని అడిగింది. లోపల ఉన్నవి గడ్డకట్టించిన పరోటాలు. ఆ సంగతి చెప్పుకుని ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నాం. అప్పట్లో నవ్వుకునే తీరిక ఉండేది.

నేనూ మా ఆయనా తణుకులో చెరో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం. జీతం ఏ నెలది ఏ నెలలో ఇస్తారో తెలియని ఉద్యోగాలతో విసిగిపోయి, రెండూ మానేసి ఒక చల్లబండి కొన్నాం. చల్లబండి అన్నది మా ఇంట్లో పుట్టి, తర్వాత బండి తిరిగే ఊళ్ళన్నిటికీ పాకిన మాట. దళసరి గోడలతో, కిటికీలు లేకుండా, నెత్తిన ఒక చల్లబరిచే మిషనుతో తెల్లగా ఉంటుంది. గోడౌనులో సరుకు ఎక్కించుకుని భీమవరం, పాలకొల్లు, నరసాపురం మీదుగా మొగల్తూరు దాకా బేకరీలకు, కిరాణా కొట్లకు, హోటళ్ళకు వేయడం ఆయన పని. ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం, కొట్టువాళ్ళతో పోట్లాడటం నా పని. ఆ రెండోది నాకు బాగా వచ్చు. మాకు పొలం లేదు, వెనక ఆస్తి లేదు. ఆ బండి తిరిగితే తింటాం, ఆగితే లేదు.

చల్లదనాన్ని ఎండలో మోసుకెళ్ళడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మే నెల వచ్చిందంటే కాలవగట్టు మీద రోడ్డు పనులు మొదలుపెడతారు. బండి కదలదు, నెత్తి మీద మిషను మాత్రం డీజిలు తాగుతూ అరుస్తుంటుంది. లోపల మైనస్ పద్దెనిమిది ఉండాలి, బయట రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. గ్యాసు లీకైతే చూసే మెకానిక్కు విజయవాడ నుంచి రావాలి, ఆయన వచ్చేదాకా దేవుడే దిక్కు. ఇన్ని తిప్పలు పడి రాయిలా ఉన్న సరుకు తీసుకెళ్ళి చేతిలో పెడితే, కొట్టువాడు రాత్రి షట్టరు దించుతూ ఫ్రీజరు స్విచ్చు కూడా ఆపేస్తాడు. కరెంటు బిల్లు మిగిలిందని మురిసిపోతాడు. రాత్రి కరిగిన ఐస్‌క్రీము పొద్దున స్విచ్చు వేశాక ఒక పక్కకి వాలి గడ్డకడుతుంది. కొన్నవాళ్ళు కొట్టువాడిని తిడతారు, కొట్టువాడు నన్ను తిడతాడు. "రాత్రి స్విచ్చు ఆపారా?" అని అడిగితే, "అబ్బే, మేమెందుకు ఆపుతామండీ" అంటాడు. మా వైపు జనం మహా మర్యాదస్తులు. గొంతు కోసినా చివర ఒక 'అండి' చేర్చి మరీ కోస్తారు.

ఇవన్నీ పడి పడి మా ఆయనకు తలుపు పిచ్చి పట్టుకుంది. ఏ పెట్టె ఎక్కడుందో ముందే గుర్తు తెచ్చుకుని, తలుపు తీసి, పెట్టె లాగి, వెంటనే మూసేస్తారు. తలుపు తీసి ఉన్నంతసేపూ ఊపిరి కూడా పీల్చరేమో అనిపించేది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి ఆలోచిస్తే నాకూ అక్షింతలు పడేవి.

ఒక మే నెల మధ్యాహ్నం భీమవరంలో ఒక చిన్న ఆసుపత్రి క్యాంటీనుకు పరోటాలు దించడానికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఆ ఆసుపత్రిలో మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డు ఊరి మనిషి ఒకతను పోయాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి, మా ఆయన ఈడువాడే. గుండె ఆగిపోయింది. ఆ ఆసుపత్రికి శవాల గది లేదు. ఫ్రీజరున్న అంబులెన్సు ఇంకెక్కడికో వెళ్ళింది, సాయంత్రం దాకా రాదన్నారు. ఎండ మండిపోతోంది. ఏం చేయాలో తోచక ఆ ఇంటివాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు మా ఆయన బండి తలుపు తీశారు. చల్లటి పొగ వాళ్ళ మీదికి వచ్చింది. వచ్చి మా ఆయన కాళ్ళ మీద పడ్డారు.

ఆయన నాకు ఫోన్ చేశారు. స్పీకరులో పెట్టినట్టున్నారు, అందరి ఏడుపులూ వినిపిస్తున్నాయి.

"శవాన్ని ఊరిదాకా తీసుకెళ్ళమంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

"తలుపు వేసే ఉందా?" అన్నాను.

"వెయ్యనివ్వట్లేదు."

"ముందు తలుపెయ్యండి. శవం ఎక్కిన బండిలో సరుకు రేపు ఎవరి నోట్లో పెడతారు? వద్దని చెప్పెయ్యండి."

ఒక ఆడమనిషి గొంతు ఫోనుకు దగ్గరగా వచ్చింది. "బాబ్బాబూ, ఒక్క మూల చాలు బాబూ. ఆ డబ్బాలన్నీ నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను బాబూ."

నేను ఫోన్ పెట్టేశాను. తిండి పెట్టే చోట శవాన్ని పెట్టకూడదు. ఆ రోజు అదే అన్నాను, ఈ రోజు అడిగినా అదే అంటాను. ఊరివాళ్ళ పిల్లలు తినే వస్తువు అది. జాలి చూపించడానికి అది మా సొంత గది కాదు.

ఆవిడ తలుపు అంచు పట్టుకుని వదలకపోతే, వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి తలుపు వేశానని సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పారు. ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

మేం చేసిన పాపానికి మమ్మల్ని తిట్టి ఉంటే పడేవాళ్ళం. చెయ్యని పని మా నెత్తికి చుట్టుకుంది. గేటు దగ్గర నిలబడ్డ పుణ్యాత్ముడెవరో ఫోనులో వీడియో తీశాడు. బండి తలుపు బార్లా తీసి ఉంది, పొగ వస్తోంది, ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు, పక్కన స్ట్రెచరు మీద దుప్పటి కప్పిన శవం. అంతే, అక్కడితో అయిపోతుంది. మా ఆయన తలుపు మూసి వెళ్ళిపోయిన ముక్క అందులో లేదు. దాని కింద 'ఐస్‌క్రీం బండిలో శవం' అని రాసి వాట్సాప్‌లో వదిలారు. అది నరసాపురం చేరేసరికి మేం ఎప్పటినుంచో శవాలు మోస్తున్నామని తేలింది. పాలకొల్లు చేరేసరికి ఒక్కో శవానికి ఎంత తీసుకుంటామో కూడా తేలింది.

మొదట ఒక బేకరీ ఆయన ఫోన్ చేసి, "ఈ వారం వద్దులెండి, ఉన్న సరుకే అవ్వలేదు" అన్నాడు. ఆ మర్నాడు ఇంకొకాయన ఫ్రిజ్ పాడైందన్నాడు. ఒక కిరాణా కొట్టు ఆవిడ, "మీ మీద అనుమానం కాదండీ, మా అత్తగారికి పట్టింపు" అంది. ఆ అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు, కర్మకాండల భోజనాలకు ఐస్‌క్రీములు వేసింది మేమే. ఆసుపత్రి దగ్గర తలుపు తీసి ఉన్న కాసేపటికి కొన్ని కప్పులు మెత్తబడి వంకరగా గడ్డకట్టాయి. అవి చూపించి, శవం వేడికి కరిగాయండీ అని ఒక హోటలాయన నాకే వివరించాడు. చచ్చిన మనిషికి వేడెక్కడిదండీ అని అడిగితే, "ఏమోనండీ, అందరూ అంటున్నారు" అన్నాడు. అంత చదువుకున్నవాడు. వాళ్ళబ్బాయికి నేను ఫిజిక్సు చెప్పాను.

గోడౌను నుంచి బండి బయటికి రావడం మానేసింది. నేను నరసాపురం వెళ్ళి, అక్కడి కొట్టువాళ్ళందరికీ పెద్దగా ఉండే ఆయన్ను కలిశాను. ఆయన మంచినీళ్ళిప్పించి, కాఫీ ఇప్పించి, అంతా విని, "మాకు తెలుసమ్మా, మీరు అలాంటి పని చెయ్యరు. కానీ జనం నమ్మాలి కదా. ఆ పోయినతని ఇంటివాళ్ళ చేత ఒక్క మాట చెప్పించండి, మీ బండిలో తేలేదని. అది వీడియో తీసి పంపండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. నిజం చెప్పమని అడగడానికి భయమెందుకు? మర్నాడే ఆ ఊరు వెళ్ళాను.

సముద్రం వినపడేంత దగ్గర ఇల్లు. వాకిట్లో చాప మీద ఎండుచేపలు ఆరబెట్టి ఉన్నాయి. ఒకావిడ కాకుల్ని తోలుతూ గుమ్మంలో కూర్చుంది. నేను, "తణుకు నుంచి వచ్చానండి, ఆ రోజు ఆసుపత్రి దగ్గర..." అనేసరికి ఆవిడ లేచి నిలబడింది.

"మీరేగా ఫోనులో వద్దన్నది. ఆ గొంతు నాకు గుర్తుందండి."

ఆ గొంతు నాకూ గుర్తొచ్చింది. డబ్బాలు ఒళ్ళో పెట్టుకుంటానన్న గొంతు అది. పోయినతని భార్య. తిట్టి తరిమేస్తుందనుకున్నాను. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, కుర్చీ తుడిచి వేసింది. నేను వచ్చిన పని చెప్పాను. మా బండి ఆగిపోయిందనీ, ఆవిడ ఒక్క మాట చెబితే మళ్ళీ తిరుగుతుందనీ చెప్పాను.

"మీ బండిలో తేలేదన్న మాట నిజమేనండి" అంది. "నిజం చెప్పాలంటే మొత్తం చెప్పాలి కదండీ మరి. ఏ బండిలో తెచ్చామో అదీ చెప్పాలి. చేపల టెంపో మాట్లాడుకున్నామండి. కింద ఐసు పోయించి, పైన ఐసు పోయించి పడుకోబెట్టాం. రోడ్డు పని దగ్గర ఆపేశారు. ఆ ఎండకి ఐసు ఆగుద్దా అండి? టెంపో వెనకాల దారిపొడుగూతా నీళ్ళు కారినియ్యి. అయ్యి ఐసు నీళ్ళేనని మా మరిది చెప్తానే ఉన్నాడు. కుక్కలు మాత్రం వదల్లేదండి, ఎంటపడి వచ్చినియ్యి."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"ఇంటికి తేలేకపోయాం. అట్నుంచటే శ్మశానానికి పట్టుకుపోయాం" అని గొంతు తగ్గించింది. "మా అత్తకి కళ్ళు కనపడవండి. కొడుకుని ఒకసారి తడుముకుంటాను, తీసుకురమ్మని ఇక్కడే కూర్చుంది. ఏం చెప్పమంటారు? చల్లబండిలో తెచ్చాం, తలుపు తీస్తే పాడైపోతాడన్నారు, అందుకే తిన్నగా పంపించేశాం అని చెప్పాం. ఊరు ఊరంతా అదే చెప్తాంది ఆవిడకి."

లోపలి నుంచి, "ఎవరే?" అని వినిపించింది.

"చల్లబండి వాళ్ళు వచ్చారత్తా."

ముసలావిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. గాలిలో వెతికి నా చెయ్యి దొరకబుచ్చుకుంది. "నా కొడుకుని ఎండ తగలకుండా తెచ్చారంట కదా తల్లీ. బతికినన్నాళ్ళూ ఎండలోనే మాడాడు. పోయినాకైనా చల్లగా వచ్చాడు. మీరు చల్లగా ఉండాలమ్మా. మీ పిల్లలు చల్లగా ఉండాలి" అని నా చెయ్యి కళ్ళకద్దుకుంది. ఆవిడ కళ్ళు తడిగా, వేడిగా ఉన్నాయి.

కోడలు లోపలికి వెళ్ళి ఫోను తెచ్చుకుంది. మాకెదురుగా నిలబడి, వీడియో మొదలుపెట్టి, నాకేసి పట్టుకుంది.

"ఆవిడకి మీరే చెప్పండి. నేను తీస్తాను" అంది.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది, కోపానికి జవాబు చెప్పడం నాకు వచ్చు. నేను ఫోనులో వద్దన్నది ఎంతసేపో, సరిగ్గా అంతసేపు నన్ను అక్కడ నిలబెట్టడానికి ఆవిడ ఇన్ని రోజులూ ఎదురుచూస్తోందని అర్థమైంది. ఆవిడంటే నాకు ఒళ్ళు మండింది. ఆ ముసలావిడంటే ఇంకా మండింది, నా చెయ్యి వదలడం లేదు.

"దారిలో ఏం ఇబ్బంది పడలేదు కదా తల్లీ, నా బిడ్డ?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను. "మా బండిలో హాయిగా వచ్చారు."

కోడలు వీడియో ఆపేసింది. నన్ను గేటు దాకా సాగనంపి, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

బండి అమ్మకానికి పెట్టాం. చాలా రోజులు ఎవరూ రాలేదు. చివరికి కడియం నుంచి పూలు వేసుకెళ్ళే ఆయన వచ్చి, మిషను చూసుకుని, చల్లదనం చూసుకుని, నచ్చిందన్నాడు. వెళ్ళబోతూ ఆగి, మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకండి, లోపలంతా పసుపు నీళ్ళతో ఒకసారి కడిగి ఇచ్చెయ్యండి. దేవుడికి వెళ్ళే పూలు కదండీ" అన్నాడు.

మా ఆయన మిషను ఆపి, తలుపులు రెండూ బార్లా తీసి పెట్టారు. చెరో చీపురు పట్టుకుని లోపలికి ఎక్కి, ఏ శవమూ ఎక్కని ఆ బండిని మూలమూలలా పసుపు నీళ్ళతో కడిగి ఇచ్చేశాం.